లోపలి మెషీన్‌కు బయటి రిజిస్టర్

మనోరమ రోజూ పొద్దున చిరాగ్‌పల్లిలో బస్సెక్కి జహీరాబాద్ దగ్గరి చక్కెర ఫ్యాక్టరీకి వచ్చేది. డెబ్బై నాలుగులో ఆమెను టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చోబెట్టారు. పదేళ్లకు టైపు మిషన్ ఇచ్చారు. ఎనభై తొమ్మిదిలో కంప్యూటర్ ముందుకు పంపారు. "నాకు రాదు" అనే మాట ఆమె నోట ఎవరూ వినలేదు.

ఎవరి చెరకు ఏ ఊళ్లో ఉంది, ఎప్పుడు కొట్టాలి అనే రైతుల రిజిస్టరంతా ఆ కంప్యూటర్‌లోనే ఉండేది. రైతుకు వంతు వచ్చిందని తెలిపే కోత చిట్టీలు అచ్చువేసే ప్రోగ్రాం మాత్రం పాత రకం మెషీన్‌ది. అందుకని హైదరాబాద్ ఇంజనీరు కొత్త కంప్యూటర్ లోపలే పాతదాని లాంటి ఇంకో మెషీన్ నడిచేటట్టు చేశాడు. దాన్ని వర్చువల్ మెషీన్ అన్నాడు. తీరా చూస్తే దానికి బయటి రిజిస్టర్ కనబడలేదు. ఇంజనీరు రిజిస్టర్‌ను లోపలికి ఒకసారి కాపీ చేసి, "రోజూ ఇలాగే చేసుకోండి" అని వెళ్లిపోయాడు.

చెరకు ఆడే క్రషింగ్ సీజను జోరు మీదుండగా ఒకనాడు కాపీ చేయడం మరిచిపోయారు. నిన్ననే చెరకు తోలిన రైతుకు మళ్లీ చిట్టీ వచ్చింది, న్యాల్‌కల్ శంకరప్ప వంతు ఎగిరిపోయింది. ఆయన ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చాడు గాని అరవలేదు.

"అమ్మా, చెరకు ఎండుతున్నది. నా పేరు ఎటువోయింది? జర చూడు" అన్నాడంతే.

ఆ మెత్తని మాటే మనోరమకు ముల్లులా గుచ్చుకుంది. ఆయనకు చేత్తో చిట్టీ రాసిచ్చి, మేనేజరు జగన్‌మోహన్ దగ్గరికి వెళ్లింది.

"సార్, రెండు రిజిస్టర్లుంటే ఏదో ఒకటి అబద్ధం చెప్తది. లోపలి మెషీన్ బయటిదాన్నే చదవాలె."

"ఇంజనీరుతోనే కాలేదు, నీతోని ఎట్లయితదమ్మా?"

"కంప్యూటర్‌తోని వొచ్చిన పుస్తకం ఇయ్యిండ్రి సార్, చూస్త."

మూడు వారాలు అన్నం తింటూ కూడా ఇంగ్లీషు మాన్యువల్, డిక్షనరీ ముందేసుకుంది. చివరికి చిక్కు అర్థమైంది. ప్రోగ్రాం రిజిస్టర్‌ను 'ఇక్కడే' వెతుకుతోంది. లోపలి మెషీన్‌కు ఇక్కడ అంటే తన డిస్కే. తాను ఇంకో మెషీన్ కడుపులో ఉన్నానని దానికి తెలియదు. ఫ్యాక్టరీ ఫోను నుంచి ఊళ్లోకి మాట్లాడాలంటే ముందు బయటి లైను అడగాలని ఆమెకు టెలిఫోన్ బోర్డు నేర్పింది. మరి దీనికి బయటి లైను ఏది? వెతగ్గా వెతగ్గా ఒక పేజీలో దొరికింది. బయటి డిస్కు లోపలి మెషీన్‌కు జెడ్ అనే అక్షరంతో కనబడుతుందట. ప్రోగ్రాంలో ఆ చిరునామా పెట్టింది. తెర మీద 'అనుమతి లేదు' అని వచ్చింది.

మనోరమ నవ్వింది.

"తప్పొస్తే నవ్వుతవేందక్కా?" అంది పక్క బల్ల దగ్గరి టైపిస్టు సీతాబాయి.

"నిన్నటిదాంక దొరకలేదన్నది. ఇయ్యాల దొరికింది గని రానియ్యనంటున్నది. తలుపుదాంక వొచ్చినట్టే కదనే!"

లోపలి మెషీన్ రిజిస్టర్‌ను చదవొచ్చు, దిద్దకూడదు అని బయటి మెషీన్‌లో అనుమతి ఇచ్చింది. రాయికోడ్ వీరన్న చెరకు ఆ పొద్దున్నే కొట్టేశారు. ఆ సంగతి బయటి రిజిస్టర్‌లో ఎక్కించి లోపలికి వెళ్లి చూసింది. కాపీ ఏమీ చేయకుండానే వీరన్న పేరు వరసలోంచి తప్పుకుంది.

నెల తర్వాత ఇంజనీరు వచ్చి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. "మేడం, కొంచెం నెమ్మదిగా చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు.

ఆ ఎండాకాలం ఇంకో ఫ్యాక్టరీలో ఇదే చిక్కొచ్చింది. మనోరమను పంపమని ఉత్తరం రాశారు. జగన్‌మోహన్ వెంటనే ఒప్పుకుంటూ జవాబు టైపు చేయించి, దాని కింద తన చేత్తో ఒక ముక్క చేర్చాడు: "పంపుతం. క్రషింగ్ మొదలయ్యే లోపల్నే మా మనిషిని మాకు పంపాలె."