కళాయి వేసిన రాగి గంగాళం

ప్రభుత్వ దస్తరంలో నా చేతివ్రాతతో ఒక అబద్ధం ఉంది. నిజమని నమ్మే వ్రాశాను. అయినా అది అబద్ధమే. ఆ కాగితాన్ని ఈపాటికి చెదలు తినివేసి ఉండవచ్చు, ఏ బీరువాలోనో భద్రంగానూ ఉండవచ్చు. వ్రాసినవాడే దిద్దాలన్నది నేను చిన్ననాటి నుండి పాటించిన నియమం. అసలు సంగతి తెలిసినవారు ఇద్దరు ముగ్గురికి మించి మిగలలేదు. అందుచేత ఈ వయస్సులో మళ్ళీ కలం పట్టవలసి వచ్చింది.

మద్రాసులో పశువైద్యం చదివి, మొదటి ఉద్యోగానికి నేను మార్కాపురం వచ్చాను. ఆ తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో, మద్రాసు ప్రభుత్వం కింద ఉండేది. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వేపచెట్టు, గోడకు ఆనించి పేర్చిన పలకరాళ్ళు. ఉదయం కిటికీ తెరిస్తే గనుల వైపు నుండి రాళ్ళు చీల్చే ఉలుల చప్పుడు వినిపించేది. ఆ చప్పుడును ఇప్పుడు తలచుకున్నా నా చేయి తనంతట తాను గడియారానికి కీ ఇవ్వబోతుంది. రోజూ ఆ వేళకే ఇచ్చేవాణ్ణి. పనిముట్లు పొడవు వరుసన ఉండవలసిందే. డైరీలో కొట్టివేత ఉండరాదు. పల్లెల్లో నన్ను "గొడ్ల దొర" అనేవారు. అందులో వెటకారం ఎంతో, గౌరవం ఎంతో నాకు ఆనాడు తెలియదు.

కొనకనమిట్ల దిక్కున ఒక పల్లె ఉంది. దాని పక్కన సున్నపురాయి తేలిన ఎత్తైన నేలను తెల్లదిబ్బ అనేవారు. తక్కిన మందలు ఎండాకాలం నల్లమలకు పోయేవి. ఒక్క ఇంటివారి మంద మాత్రం ఏడాది పొడుగునా ఆ దిబ్బ మీదనే మేసేది. ఊరివారి చేలల్లో ఎరువు కోసం మందను నిలపడానికి వారు మాట ఇచ్చి ఉన్నారు. ఆ ఇంట్లో ఒక అవ్వ, నలభై దాటిన ఆమె కొడుకు, కోడలు. మంద అంతా నల్లగొర్రెలు. నీడలో చూస్తే మసిలా, ఎండలో చూస్తే కాకిరెక్కలా నిగనిగలాడే బొచ్చు. అవ్వ కదురు తిప్పుతూనే మంద వెనుక నడిచేది. ఆమె వడికిన ఉన్నిదారంతో పొరుగింటి నేతగాడు నేసిన కంబళి వానలో కూడా చుక్క నీరు దిగనిచ్చేది కాదు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు దొడ్డి వాకిట నిలబడి చేతిరుమాలు తీశాను.

"ఏంది సామీ, ముక్కు మూస్తాండావు? మా జీవాలు తలంటి పోసుకుని రావాల్నా నీ ఎదురుకి?" అంది అవ్వ.

కొడుకు నవ్వు ఆపుకోవడానికి పక్కకు తిరిగాడు. నేను నవ్వలేదు. నవ్వితే ఉద్యోగ మర్యాద పోతుందనుకునేవాణ్ణి.

ఆ రోజే గంగాళాన్ని చూశాను. పాత రాగిది, అవ్వ పుట్టింటి నుండి తెచ్చుకున్నది. అమావాస్య ముందు రోజు దానిలో చింతపండు పులుసు పిసికి, ఉప్పు వేసి, రాత్రంతా ఉంచేవారు. తెల్లవారాక కడుపుతో ఉన్న సూడిగొర్రెలకు వెదురుగొట్టంతో తలా కాస్త గొంతులో పోసేవారు. గంగాళం అంచు కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. లోహపు పాత్రల విషాన్ని గురించి నేను చదివిన పాఠమంతా ఒక్కసారిగా గుర్తుకు వచ్చింది.

"ఇది విషం. మనిషి తాగితేనే ప్రమాదం. గొర్రెకు ఇంకా ప్రమాదం" అన్నాను.

"మా అమ్మ పోసింది, నేను పోస్తాండా. దీంతో సచ్చిన గొర్రెను ఒక్కదాన్ని చూపీ నాయనా."

"చావకపోవడం మీ అదృష్టం. వెంటనే లోపల తగరపు కళాయి వేయించండి."

"కళాయి ఏస్తే పులుసుకి పస ఉండదు. తెల్లదిబ్బ మీద మేసేదానికి ఆ పస లేకుంటే పిల్లకి నడుం నిలవదు."

కొడుకు కల్పించుకున్నాడు. "అమ్మా, గౌర్మెంటాయన చెప్తాంటే ఎదురు మాట్లాడతావేంది?"

"గౌర్మెంటు ఎన్ని గొర్రెల్ని ఈనించిందిరా?"

ఎదురు చెబితే గొంతు పెంచడం ఆ వయస్సులో నాకు అలవాటు. పెంచాను. కొడుకు భయపడ్డాడు. మార్కాపురం బజారులో కళాయి వేసే సాయిబు చేత ఆ నెలలోనే పని చేయించాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు గంగాళం లోపల వెండిలా మెరుస్తోంది.

"బాగుంది కదా అవ్వా?"

"బాగుండాది నాయనా. మొగం చూసుకోను పనికొస్తాది."

నేను దానిని మెచ్చుకోలుగానే డైరీలో వ్రాసుకున్నాను. ఆ రోజు వారి ఇంటి అరుగు మీద పత్రిక పరచుకుని కూర్చుని సజ్జరొట్టె, వారు చెనిగ్గింజలనే వేరుశెనగల పచ్చడి తిన్నాను. "కాయితం మీదనే తింటాడు, కాయితం మీదనే బతుకుతాడు" అని అవ్వ కోడలితో అంటే నాకు వినిపించింది. అలాంటి రొట్టె మళ్ళీ ఎక్కడా తినలేదు.

మరుసటి ఏడు వానలు బాగానే పడ్డాయి. మేతకు లోటు లేదు. అయినా బొచ్చు కత్తిరించాక కొడుకు ఒక మూట పట్టుకుని ఆసుపత్రికి నడిచి వచ్చాడు.

"ఇది చూడు సామీ. నేతాయన తిరగ్గొట్టినాడు. 'ఇది బొచ్చా, ఎండుగడ్డా' అన్నాడు."

నల్లబొచ్చు తుప్పు రంగుకు తిరిగింది. వేళ్ళ మధ్య నలిపితే ముడుచుకోవలసిన పోచ నిటారుగా, జీవం లేకుండా ఉంది. ఎండ తగిలి వెలిసి ఉంటుందని చెప్పి పంపివేశాను. ఎండ ఆ దేశానికి కొత్తది కాదు కదా అని నాకు తోచకపోవడం ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

తరువాత ఈతలు మొదలయ్యాయి. కబురు అంది వెళ్ళేసరికి అవ్వ దొడ్డిలో ఒక పిల్లను రెండు చేతులతో నిలబెట్టి ఉంది. చేతులు తీయగానే దాని నడుము ఇరుసు సడలిన బండిలా ఒక పక్కకు ఊగి, వెనుక కాళ్ళు మడతపడ్డాయి. కళ్ళు మాత్రం చురుకుగా ఉన్నాయి. నాలుగడుగుల దూరంలో తల్లి పిలుస్తూనే ఉంది. పిల్ల ముందుకాళ్ళతో ఈడ్చుకుంటూ పోబోయి, మళ్ళీ పడింది.

"ఇట్లాంటివి ఇప్పటికి తొమ్మిది" అన్నాడు కొడుకు. "ఇంకా సగం మంద ఈనాల. అవీ పోతే వచ్చే ఏటికి మంద ఉండదు సామీ. నేను పలకల గనికి కూలికి పోవాల్సిందే."

అవ్వ అతని వైపు చూడకుండానే అంది: "మన ఇంట్లో ఇంతవరకు రాయి కొట్టినోడు లేడు."

పెంటికలు పరీక్షించాను. కడుపు పురుగులు కొన్ని కనిపించాయి. ఏ మందలోనైనా కనిపిస్తాయి. నా చదువుకు అందిన కారణం అదొక్కటే. ఈతకు నెల, నెలన్నర ఉన్న గొర్రెలన్నింటికీ, ఆ రోజుల్లో పురుగులకు వాడే మైలుతుత్తం నీళ్ళను కొలిచి పోశాను. పది పదిహేను రోజుల తరువాత వచ్చి మళ్ళీ పోశాను. సీసాలోని నీలినీటిని అవ్వ ఎండకు ఎత్తి చూసింది.

"నాకు తెలిసిన రంగే" అంది.

గంగాళం ఆ రోజు వాకిట కనబడలేదు. నేను అడగలేదు.

ఆ తరువాత పుట్టిన పిల్లలు నిలబడ్డాయి. ఒక్కటి మాత్రం కొద్దిగా ఊగింది, అదీ బ్రతికింది. అంతకు ముందు పడిపోయిన తొమ్మిదింటిలో ఒక్కటీ దక్కలేదు. అయినా మంద నిలిచింది. కొడుకు గనికి పోలేదు. నేను ఆసుపత్రికి తిరిగి వచ్చి, కొట్టివేత లేకుండా నివేదిక వ్రాశాను: వ్యాధి: కడుపు పురుగులు; చికిత్స: మైలుతుత్తం; ఫలితం: సంతృప్తికరం. పైఅధికారి మెచ్చుకున్నాడు. గంగాళం ప్రస్తావన అందులో లేదు.

బదిలీలు అయ్యాయి. మద్రాసు పాలన చివరి రోజుల్లో మమ్మల్ని కొందరిని మళ్ళీ మద్రాసుకు పిలిచి కొన్ని పాఠాలు చెప్పించారు. ఒక ఉపాధ్యాయుడు, మేతలో రాగి లేశమాత్రమైనా అందని చోట నల్లబొచ్చు రంగు తప్పుతుందనీ, పోచ బిగువు పోతుందనీ, పిల్లలు నడుము నిలవక పడిపోతాయనీ చెప్పాడు. గడ్డి పచ్చగానే ఉంటుందట, కడుపు నిండుతుందట. ఆ లేశం మాత్రం ఉండదట. ఆ తరువాత ఆయన ఏమి చెప్పాడో నేను వినలేదు. పులుపు రాగిని కరిగిస్తుంది. మైలుతుత్తం కూడా రాగి లవణమే. ఆ పులుసుకూ రాగికీ మధ్య తగరపు పొరను అడ్డం పెట్టించినవాణ్ణి నేను.

సెలవు పెట్టి రైలెక్కాను. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, బస్సు మీదా, నడకనా ఆ పల్లెకు చేరాను. అవ్వ కాలం చేసింది. కొడుకు జుట్టు నెరిసింది. మంద మాత్రం కాకిరెక్కలా నల్లగా ఉంది. అరుగు మీద కూర్చుని, ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట చెప్పాను: "ఆ తొమ్మిది పిల్లలూ నా వల్లనే పోయాయి."

అతను లేచి లోపలికి పోయి గంగాళాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు. అంచు దగ్గర అక్కడక్కడా కళాయి మరకలు. లోపలంతా ఎర్రని రాగి.

"మొదటి పిల్లలు పడినప్పుడే మా అమ్మ ఇసుక, ఇటుకపొడి పెట్టి తోమింది. మూడు దినాలు తోమింది సామీ. వేళ్ళు పుండ్లు పడినాయి. నువ్వొచ్చిన పొద్దు గడ్డివామి ఎనక దాచిపెట్టింది."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్దామనే అన్నా. ఒద్దనింది. 'సదువుకున్న బిడ్డరా, తప్పు అని తెలిస్తే ఇంక ఏ ఊళ్ళోనూ నోరు తెరవడు. తెరవనీ. సగం మాటలన్నా పనికొస్తాయి' అనింది."

డైరీ తీసి నేను అడిగినది ఒక్కటే: పులుసు ఎంత, ఉప్పు ఎంత, ఎన్ని ఘడియలు ఉంచాలి. రాగి ఎక్కువైతే గొర్రె చస్తుంది. నా భయంలో అంతవరకు నిజం ఉంది. మరి అవ్వ కొలత ఏది?

"కొలత ఏంది సామీ? నాలిక మీద ఏసుకుని చూసేది. వగరు ఎక్కువుంటే నీళ్ళు కలిపేది. ఇప్పుడు నా పెండ్లాం చూస్తాది."

దానిని డైరీలో వ్రాసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు అతను ఒక కంబళి నా భుజాన వేశాడు. దానిని కప్పుకునే ఇది వ్రాస్తున్నాను.

నా నివేదికలో 'కడుపు పురుగులు' అన్న చోట 'రాగి కొరత' అనీ, 'మైలుతుత్తం' పక్కన 'అవ్వ గంగాళం' అనీ చదువుకోవాలి. ఆ పిల్లలను నా సీసా నిలబెట్టిందో, ఆమె పులుసు నిలబెట్టిందో, రెండూ కలిసో నేను తేల్చలేను. తెల్లదిబ్బ మట్టిని, గడ్డిని పరీక్షకు పంపవలసింది, పంపలేదు. కనుక ఇది కూడా ఊహే కావచ్చు. నాకన్నా ఎక్కువ చదివినవారు, ముఖ్యంగా ఆ నేల మీద జీవాలు మేపినవారు, ఇందులో తప్పు కనబడితే నిర్మొహమాటంగా దిద్దవలసిందిగా కోరుతున్నాను. అవ్వలాగా దయతలచి ఊరుకోవద్దు.