వీధికంతా ఒకటే మందు చీటీ

నా చిన్నప్పుడు మా వీధికంతా కలిపి ఒకే ఒక్క మందు చీటీ ఉండేది. ఎమ్మిగనూరులో మాది నేతపనివాళ్ల వీధి. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, పొద్దు గూకితే నడుములు పట్టుకుని మూలిగే చప్పుడు. పక్కింటి అక్క వాళ్లాయనకు ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే ఆదోనిలో ఎవరో డాక్టరు చిన్న తెల్ల మాత్రలు రాసిచ్చాడట. దద్దుర్లతో పాటు ఆయన నడుంనొప్పి కూడా చేత్తో తీసేసినట్టు పోయింది. ఇంకేముంది! అక్క ఆ చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి పటం వెనుక దాచింది. ఎవరు నొప్పి అన్నా తీసి ఇచ్చేది. ఆమెది మంచి మనసు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఆమె తర్వాత చాలా ఏడ్చింది.

మా అవ్వ ఇంట్లో కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టేది. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచే మనిషి, ఆ మాత్రలు మొదలుపెట్టాక పది రోజుల్లో వీధి చివరిదాకా పోయి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆమె ముఖం కూడా గుండ్రంగా నిండింది. చూసినవాళ్లంతా అవ్వకు వయసు మళ్లీ వెనక్కి తిరిగిందని ఆటపట్టించేవాళ్లు. మాత్రలు తెచ్చే పని నాది. అప్పుడు నేను ఏడో తరగతి. ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, కానీ ఆ చీటీలో ఏముందో చదవాలని నాకు ఏనాడూ తోచలేదు. బస్టాండు దగ్గర మందుల అంగడాయన కూడా చదివేవాడు కాదు. కవరు చూసేవాడు, మాత్రలు కత్తిరించి ఇచ్చేవాడు.

ఆ ఎండాకాలం సెలవుల్లో ఆ అంగడి మూతపడింది. ఆయన ఏదో పెళ్లికి ఊరికి పోయాడన్నారు. ఇవాళ తెరుస్తాడు, రేపు తెరుస్తాడు అని చూస్తుండగానే ఇంట్లో మాత్రలు అయిపోయాయి. రెండో రోజుకల్లా అవ్వ మంచం దిగలేదు. గంజి తాగినా వాంతి చేసుకుంది. పిలిస్తే పలకడానికి కూడా ఓపిక లేదు. మాత్ర పడితే లేచి కూర్చుంటుందని అమ్మ నన్ను మార్కెట్ దారిలో కొత్తగా పెట్టిన మందుల అంగడికి పంపింది. ఎవరికని అడిగితే నాయనకని చెప్పమంది, చీటీ మగమనిషి పేరున ఉందని అక్క చెప్పింది కాబట్టి.

ఆ అంగడి పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని చీటీని కవరులోంచి బయటికి తీశాడు. అప్పటిదాకా దాన్ని బయటికి తీసినవాళ్లను నేను చూడలేదు.

“ఎవురికి పాపా ఇవి?”

“మా నాయనకు.”

“అట్లనా. సదువుకున్నదాని మాదిరి ఉండావు. ఈడ ఏముందో నువ్వే సదువు.”

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. పేరు పక్కింటాయనది. దాని కింద ఐదు రోజులని ఉంది. తేదీ చూస్తే నేను ఐదో తరగతిలో ఉన్నప్పటిది. నా గొంతు దానంతటదే తగ్గిపోయింది.

“అయితే మీ నాయనకు ఆ ఐదు దినాలు ఇంగా అయిపోలేదన్నమాట,” అని ఆయన నవ్వాడు. వెక్కిరింపు కాదది, అయినా నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చీటీని తిప్పి వెనకవైపు కూడా చూపించాడు. ఇచ్చిన అంగడి పేరూ, ఇచ్చిన తేదీ చీటీ మీద రాయాలట. డాక్టరు మళ్లీ ఇవ్వమని రాస్తే తప్ప ఒక చీటీకి రెండోసారి మందు ఇవ్వకూడదట. మా చీటీ మీద అలాంటి రాత ఒక్కటీ లేదు. ఎవరి పేరున రాస్తే ఆ మందు వాళ్లకేనని, ఇది చట్టమని నెమ్మదిగా చెప్పాడు.

నాకు చట్టం పట్టలేదు. ఏడుపు ఆగలేదు. మాత్రలు నాయనకు కాదు, అవ్వకు అని, ఏడాదిగా తింటోందని, రెండు రోజులుగా లేవడం లేదని అంతా ఒక్క ఊపిరిలో కక్కేశాను. తిడతాడనుకున్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. వాంతులు అవుతున్నాయా, ముఖం ఉబ్బిందా అని రెండే ప్రశ్నలు అడిగాడు. తర్వాత లేచి, అంగడి ముందు నిలబడిన నలుగురికీ దండం పెట్టి షట్టరు కిందికి లాగేశాడు. వాళ్లు గొణిగారు. ఒకాయన, లోపల మీ ఇంటామె ఉంది కదా, ఆమె ఇవ్వదా అన్నాడు. “ఆమె మందుల సదువు సదివింది కాదప్పా, నేను లేకుండా ఇయ్యకూడదు,” అని సైకిలు తీసి నన్ను వెనక ఎక్కించుకున్నాడు.

మా ఇంట్లో అవ్వ చెయ్యి పట్టి చూశాడో లేదో, అమ్మ ఆయన కాళ్ల మీద పడబోయింది.

“ఒక్క మాత్రన్నా ఇయ్యప్పా. అది పడితే లేస్తాది.”

ఆయన అంగట్లో ఆ మాత్రలు డబ్బాలకు డబ్బాలు ఉన్నాయి. ఇచ్చి ఉంటే ఎవరు చూడొచ్చారు? ఆయన ముఖంలో ఆ బాధ నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. “ఇయ్యలేనమ్మా. ఇప్పుడీమెకు మాత్ర సాలునో, సూదే ఏయల్లో నాకు తెలీదు. తెలిసినాయప్ప కాడికి పోదాం, లెయ్,” అన్నాడు. తనే పోయి రిక్షా పిలుచుకొచ్చాడు. అవ్వను ఎత్తి అందులో కూర్చోబెట్టి, పెద్దాసుపత్రి దాకా పక్కనే సైకిలు తొక్కాడు.

డాక్టరు సూది వేసి, సెలైన్ పెట్టాడు. సాయంత్రం దాకా ఆగి ఉంటే అవ్వ దక్కేది కాదని అమ్మతో అన్నాడు. అలాంటి మాత్రలు నెలల తరబడి తింటే ఒళ్లు తన పని తాను మరిచిపోతుందట. ఒక్కసారిగా ఆపితే చేతులెత్తేస్తుందట. ముఖం నిండడం బలం కాదు, ఆ మందు తెచ్చిన ఉబ్బు. నాలుగో రోజు ఇంటికి పంపుతూ వారానికి ఇంత చొప్పున తగ్గిస్తూ రావాలని కొత్త చీటీ రాశాడు. అది అవ్వ పేరున ఉంది. అవ్వ దాన్ని చేతిలో పెట్టుకుని తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే వేలితో తడిమి, “నాకే రాసినాడా?” అని అడిగింది.

అక్క మా గుమ్మంలో కూర్చుని తన వల్లే ఇదంతా అయిందని గుండెలు బాదుకుంది. అవ్వను చూడడానికి వచ్చిన పెద్దాయనే ఆమెను ఊరుకోబెట్టాడు. “నువ్వు మంచికే ఇచ్చినావు తల్లీ. అడగకుండా మందు అమ్మినోళ్లది తప్పు,” అన్నాడు. ఆ వారం నుంచి ఎన్ని మాత్రలో చదివి అవ్వకు ఇచ్చే పని నాకు అప్పగించాడు. మాత్రలు తగ్గేకొద్దీ మోకాళ్ల నొప్పులు తిరిగొచ్చాయి. అవ్వ ఆయన్ను తిట్టని రోజు లేదు. తిడుతూనే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసిన పొద్దున ఆయనకొక గిన్నె పంపేది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది, నా పెళ్లి చూసింది.

పెద్దయ్యాక గోనెగండ్ల దగ్గర అంగన్‌వాడీలో చాలా ఏళ్లు పనిచేశాను. కూలికి పోయే ఆడవాళ్లు ఒంటినొప్పులకని, పిల్లల జ్వరానికని ఖాళీ మాత్రల అట్టలు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఇవ్వకూడదని చెప్పడం సులువే. చెప్పి కుర్చీలో కూర్చోవడం ఇంకా సులువు. రెండుసార్లు నేనూ అలాగే కూర్చున్నాను. ఆ ఇద్దరు తల్లుల ముఖాలు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల వంగిపోతుంది. మిగతా ప్రతిసారీ ఆ పెద్దాయన తలపుకు వచ్చాడు. ఇప్పుడు ఉద్యోగం లేదు, నన్ను అడగాల్సిన అవసరమూ ఎవరికీ లేదు. అయినా మొన్న వీధిలో ఒక పిల్ల అట్ట చూపించి మాత్ర అడిగితే లేదన్నాను. అనేసి, తలుపు దగ్గరికి వేసి, ఆసుపత్రికి ఆమె వెంట నడిచాను.