ఛత్రపూర్ పెళ్ళిచూపుల్లో గ్రీకు దేవుడు

ఆ రోజుల్లో నాకు రెండే కోరికలు: పెళ్ళి చేసుకోవాలి, లోకంలోని దేవుళ్ళందరూ ఒకే ఇంటివాళ్ళని రుజువు చెయ్యాలి. మా అమ్మకి మొదటిదాని మీదే ప్రాణం. బరంపురం కాలేజీలో పాఠాలు చెప్పే కుర్రాణ్ణయినా వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోతున్నాయి (ఎందుకో నాకు తెలిసేది కాదు). అమ్మ ఫోటోలు నమ్మదు. "ఎదురుగా సూసి సెప్పాల" అని ఛత్రపూర్ తీసుకెళ్ళింది.

అమ్మాయి తాతగారు పురోహితులు. ఏం చదివావని మాటవరసకి అడిగారు. అంతే, అందుకున్నాను. వేదంలోని ఆకాశదేవుడు ద్యౌస్సు, గ్రీకుల జియస్ ఒకే పేరని, రెండుచోట్లా ఆయన్ని తండ్రీ అనే పిలిచారని, మన వేకువ దేవత ఉషస్సే వాళ్ళ ఈయోస్ అని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన "హవు, హవు" అని ఒడియాలో ఊ కొడుతుంటే మురిసిపోయాను. నిజానికి ఆయన వాకబు చేస్తున్నారు. సంబంధానికొచ్చినవాడు ఎవరి పేరెత్తినా వాడి చుట్టమేనని ఆయన లెక్క.

"అయితే ఆ జియస్ గారి నాన్నగారు ఎలాటోరు?"

"కన్నపిల్లల్ని మింగేసేవాడండి."

"మింగీసీవోరా. మరీయన?"

"తండ్రిని గద్దె దించేసి, తోడబుట్టినదాన్నే పెళ్ళాడాడు. అదీ చాలక ఎద్దు వేషంలో ఓ రాచకన్యని ఎత్తుకెళ్ళి..."

అమ్మ నా కాలు తొక్కింది. కాలు పక్కకి జరుపుకుని హంస వేషం కూడా చెప్పాను.

"అంతా ఒకే ఇల్లంటన్నావు గదా నాయినా," అన్నారాయన నెమ్మదిగా. "అలాటింటికి మా పిల్లనెలగిస్తాం?"

"మన ఇంద్రుడు మాత్రం తక్కువ తిన్నాడా తాతగారూ?" అన్నాను, గెలిచేసినట్టు. తాతగారు లేచి మాకు తిరుగు బస్సు వేళ చెప్పారు.

బస్సెక్కాక అమ్మ టికెట్లు కొంగున ముడేసుకుంది. "పోన్లే, పిల్లెలగుందిరా? నచ్చిందను, కాళ్ళట్టుకునైనా ఒప్పిస్తాను" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి కాఫీ తెచ్చిన సమయానికి నేను ఉషస్సు అందం వర్ణిస్తున్నాను. వేకువ దేవత వేళ్ళు ఎంత ఎర్రగా ఉంటాయో చెబుతూ ఆమె వేళ్ళలోంచి గ్లాసు అందుకున్నాను. నేను తలెత్తి ఆమె మొహం మాత్రం చూడలేదు.

"బాగుందమ్మా" అన్నాను. పాపం అమ్మ మర్నాడే ఫోన్ చేసి బతిమాలింది. వాళ్ళు ఒప్పుకోలేదు.

ఇప్పుడు జుట్టు నెరిసింది. రెండు దేశాల వేకువ దేవతలూ ఎలా ఉంటారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ అమ్మాయి ఎలా ఉండేదో మాత్రం నాకు తెలియదు.