మా మామ్మ నాటిన నారు పీకిన రోజు

నా చిన్నప్పుడు, వరి ఊడ్పుల్లోకి దిగిన మొదటి ఏడు, నేనొక తప్పు చేశాను. మంచి చేస్తున్నాననుకునే చేశాను. చెడు బుద్ధితో చేసినవి చాలా మరిచిపోయాను గానీ ఇది మాత్రం మరుపు రాలేదు. నడివయసు దాటాక అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. నాలుగు ముక్కలు రాసేసరికి వేళ్ళు లాగేస్తాయి. అందుకని ఉన్నదున్నట్టు రాసేస్తాను.

మాది ద్రాక్షారామానికి దిగువన చిన్న పల్లె. కాలవకి నీళ్ళు వదిలారంటే నెలన్నర పాటు ఆడవాళ్ళం వంచిన నడుం ఎత్తేవాళ్ళం కాదు. మా నాన్నను కన్న తల్లి, మా మామ్మ, మా ఊడ్పుల జట్టుకి పెద్ద. బురదలో వరసగా నిలబడి, ఎవరి ముందు వాళ్ళు నారు నాటుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తాం. అందరూ ఒక్క ఊపున వెనక్కి రావాలి. ఎవరైనా చెయ్యి సాగక ముందువైపే నిలిచిపోతే, అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఆమెను దాటి వెనక్కి వచ్చేసి, ఆమె వెనకాల కూడా నాటేసి మూసేస్తారు. నాలుగు పక్కలా పచ్చటి నారు, మధ్యలో జానెడు బురదలో ఆ మనిషి. బయటికి రావాలంటే నారు తొక్కాలి. నాటిన నారు తొక్కకూడదు. అప్పుడు అందరూ చేరి, "మొగుడి పేరు చెప్పు, వదిలేస్తాం" అంటారు. మా రోజుల్లో ఆడది మొగుడి పేరు నోటితో అనేది కాదు. కాబట్టి ఆమె సిగ్గుపడి, తిట్టి, చివరికి ఎలాగో గొణిగేది. అందరూ విరగబడి నవ్వేవారు. పగలంతా వానలో నానే నడుములకి ఆ నవ్వొక్కటే విశ్రాంతి.

ఆ ఏడు నా పక్క వరస మా పక్కింటి అక్కది. ఆమె మొగుడు మూడేళ్ళ కిందట కోరంగి రేవులో ఓడెక్కి రంగం, అదే బర్మా దేశం, వెళ్ళాడు, అక్కడ కూలి బాగుందని. మొదటి ఏడు ఎవరి చేతో కబురంపాడు. తరవాత అదీ లేదు. ఆమె గాజులు ఉంచుకోవాలో తీసెయ్యాలో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు. "వస్తాడులేవే, ఓడలు ఆలస్యమయ్యుంటాయి" అని అందరూ అనేవాళ్ళు. నేనూ అనేదాన్ని. ఆ ఊడ్పుల్లో కూలిగా వచ్చే గింజలే ఆమెకీ ఆమె అత్తగారికీ తిండి.

ఆ వారమే పొరుగూరి మనిషొకడు రంగం నుంచి తిరిగి వచ్చాడు. ఆమె పరుగున వెళ్ళి అడిగితే, "నాకు కనబడలేదమ్మా" అన్నాడట. మర్నాడు ఆమె చేలోకి వచ్చింది గానీ చెయ్యి సాగలేదు. మొహం చెక్కలా ఉంది. ఆ మొహం పక్కన వంగి నాటడం నావల్ల కాలేదు. ఎలాగైనా నవ్వించాలనుకున్నాను. చకచకా ఆమెను దాటి వచ్చి, ఆమె వెనకాల నాటేసి మూసేశాను. అటుపక్క ఉన్నావిడ కూడా సరదా అనుకుని కలిసింది.

"అక్కా, పేరు చెప్పు! మా బావ పేరు చెప్పు!" అని అరిచాను.

ఎవరూ నవ్వలేదు. అటుపక్కావిడ తల దించేసుకుంది. అక్క నడుం ఎత్తి నిలబడింది. చేతిలో నారు కట్ట అలాగే ఉంది. పెదాలు కదిలాయి, పేరు రాలేదు. రెండు కళ్ళా నీళ్ళు కారాయి. నాట్లప్పుడు చేలో కన్నీళ్ళు పడితే పంట రాదని మా వైపు గట్టి పట్టింపు. గట్టు మీద చేను గల ఆసామిగారు తాటాకు గొడుగు వేసుకుని నడిచి వస్తున్నారు. ఆయన కంటబడితే రేపు ఆమెను చేలో అడుగు పెట్టనివ్వరు.

మా మామ్మ బురదలో నడిచి వచ్చి, నేను నాటిన నారు రెండు చేతులా పీకి దారి చేసింది. అరవై ఏళ్ళ మనిషి, నాటిన మొక్క పీకడం తన జన్మలో చేసి ఉండదు. ఆ దారిన లోపలికి వెళ్ళి అక్క పక్కన నిలబడింది. ఊరుకోమనలేదు, వస్తాడని కూడా అనలేదు.

"ఏంటమ్మా, ఏడుపా, కోపమా?" అని అడిగింది.

మూడేళ్ళలో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అక్క కాసేపు ఆలోచించింది, నిజంగానే తెలియనట్టు.

"కోపమే అత్తా. ఉంటే ఉన్నానని చెప్పొద్దా? పోతే పోయాడని నాకు తెలియొద్దా? అందరూ వస్తాడు వస్తాడంటారు. మీకేం తెలుసు? ఒక్కళ్ళకి తెలుసా?"

"తెలీదు. నాకూ తెలీదు. నేనూ ఊరికే అన్నాను" అంది మామ్మ. "నీ స్థానంలో నేనుంటే ఈపాటికి ఊరు లేపేద్దును."

అప్పటికి ఆసామిగారు గట్టు మీదికి వచ్చేశారు. "ఏంటే ముసలీ, నాటిన నారు పీకేస్తున్నావు? మతి పోయిందా? ఆ పిల్ల ఏడుస్తోందేంటి నా చేలో?"

"ఆయ్, పీకింది నేనేనండి. మళ్ళీ నేనే నాటేస్తానండి. అది ఏడుపు కాదండి బాబుగారూ, కోపమండి. కోపానికి పంట పోతుందని ఎవరూ అనలేదు కదండి."

ఆయన అక్క వైపు చూశారు. అక్క కళ్ళెర్రజేసి నిలబడిన తీరు చూస్తే కోపమనే అనిపిస్తుంది కూడా. "మీ కోపాలు మీ ఇళ్ళల్లో పెట్టుకోండి" అని గొణిగి వెళ్ళిపోయారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క నవ్వలేదు. మామ్మ నవ్వమనలేదు. ఆమె పక్కనే వంగి, ఆమె చెయ్యి ఎంత నెమ్మదిగా ఆడితే తన చెయ్యీ అంత నెమ్మదిగా ఆడించింది. జట్టు పెద్ద నెమ్మదిస్తే జట్టంతా నెమ్మదించాల్సిందే. ఆ రోజు చేను పూర్తవలేదు. మర్నాడు కూడా అక్క మా వరసలో ఉంది.

సాయంత్రం కాలవలో కాళ్ళు కడుక్కుంటుంటే, "నవ్వుతుందని చేశాను మామ్మా" అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆమెకి తిట్టే ఓపిక కూడా లేదు. గట్టు మీద చతికిలబడి నడుం పట్టుకుని అంది: "దాని మొహం నువ్వు చూడలేకపోయావు. అందుకు చేశావు. దాని కోసం చెయ్యలేదు."

ఆ మాట అర్థం కావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ లోపల ఎంతమందిని "ఊరుకో, ఏం కాదులే" అని నోరు మూయించానో లెక్క లేదు. వాళ్ళ బాధ నాకు అడ్డంగా ఉండేది, అంతే. అక్క మొగుడు చివరికి రాలేదు. కబురూ రాలేదు. ఆమె గాజులు తీయనూ లేదు. ఎందుకని ఎవరం అడగలేదు, అది ఆమె ఇష్టం.

ఇప్పుడూ నాకిది పూర్తిగా వచ్చిందని చెప్పను. మొన్న పొద్దున్న మా కోడలు పొయ్యి వెలిగించకుండా దాని ముందు కూర్చుని ఉంది. "ఏమైందని అలా కూర్చున్నావు, లేచి వండు" అనే మాట పళ్ళ దాకా వచ్చింది. మింగేశాను.

"బెంగా, కోపమా?" అన్నాను.

"తెలీటం లేదండి అత్తయ్యా."

"సరే, తెలిసినప్పుడు చెప్పు" అని చేటలో బియ్యం పోసుకుని, దాని పక్కనే కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను.