మోకాలెత్తు

బనగానపల్లెలో నన్నీ బీ పెరట్లో ఒకటే మామిడిచెట్టు. టెంక ఆమె విసిరిందే. అంట్లు తోమిన నీళ్లు పారే చోట మొలిచింది. భర్త ఇమాం బాషా నర్సరీలో మామిడి అంట్లు కట్టేవాడు. పెళ్లయిన కొత్తలో మంచి బేనిషా మామిడి కొమ్మ తెచ్చి ఆ నాటు మొక్కకు కట్టాడు. మేకలకు అందకూడదని ఆమె నడుమెత్తున కట్టాడు.

"నువ్వు తోమేవీ అంట్లే, నేను కట్టేవీ అంట్లే. టెంక నీది, కొమ్మ నాది. కాయ ఎవురిదో సూద్దాం" అన్నాడు.

కాయ వీధి అందరిదీ అయింది. ఆయన పోయాక కూడా చెట్టు కాస్తూనే ఉంది.

ఈ ఎండాకాలం గాలివానకు కొమ్మ విరిగి పక్కింటి రేకుల మీద పడింది. పగిలిన రేకు ముక్క ఉయ్యాల పక్కనే రాలింది. ఉయ్యాల్లో రామలక్ష్మమ్మ మనవరాలు. బిడ్డకు ఏమీ కాలేదు. రామలక్ష్మమ్మ తిట్టలేదు. ఆ ముక్క తెచ్చి నన్నీ బీ గడప దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలే కొడుకు రబ్బానీ వచ్చాడు.

"వేర్లతో సహా తీపిచ్చేద్దాం, మా."

"కొమ్మలు కొట్టిస్తే సాలదా?"

"మళ్లా పెరగవా? ఆ బిడ్డ ఆడనే గదా పండుకునేది."

గడప దగ్గర ఇంకా ఉన్న రేకు ముక్కను చూసి ఆమె తలూపింది.

మర్నాడు ఏసేపు రంపం మిషను తెచ్చాడు. "నేలమట్టంగా కోసేద్దునా, పెద్దమ్మా?"

"వద్దప్పా. మోకాలెత్తన్నా ఉంచు. మళ్లా సిగురేస్తాది."

"టమాటాలమ్మేటోని కాడే గాదు, సెట్టు కాడ గూడా బేరమేనా!" ఏసేపు నవ్వాడు.

రబ్బానీ తల పక్కకు తిప్పుకుని, సరేనన్నాడు. ఆమె మొదలుకు మోకాలు ఆనించి చూపింది. "ఈడికి." రంపం సరిగ్గా అక్కడే కోసింది.

వానలు పడ్డాయి. ఒక పొద్దున నన్నీ బీ మనవరాలు కౌసర్ పెరట్లోంచి కేక వేసింది.

"జేజీ! జేజినాయన సెట్టు సిగురేసింది!"

నన్నీ బీ వంగి ఒక ఎర్రటి ఆకు తుంచి నలిపింది. వాసన చూసింది. బేనిషా కాదు. నాటు ఘాటు.

అంటుకు కింద కోస్తే మొలిచేది టెంక చెట్టే. అంట్లు కట్టేవాడి ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేని మాట అది. ఏటా రంజానుకు మొదలుకు ఆమె కొట్టిన సున్నం కింద ఆ అంటు ముడి ఎప్పుడో మునిగిపోయింది, ఆమె జ్ఞాపకంలోంచి కూడా. ఆమె మోడు పక్కన నిలబడి, ఆయన అంటు కట్టిన నడుము ఎత్తున చెయ్యి చాపింది. అక్కడ ఏమీ లేదు.

"ఇది ఆయనది గాదులే, పాపా. నాది."

"ఎవురిదైతే ఏంది? కాయలు కాస్తాది గదా?"

"కాస్తాది. పుల్లగా."

అంట్లు తోమిన నీళ్ల బకెట్ ఎత్తింది. పోయాలో వద్దో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.