పెద్దగరిటె ఉప్పు

మిల్లు క్యాంటీన్లో ఆవిణ్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. పెద్దగరిటె అంటేనే పలికేది. ముప్ఫై ఏళ్లుగా రోజూ రెండువందల మందికి కూర వండిన చెయ్యి. ఉప్పు ఏనాడూ చెంచాతో కొలిచిన పాపాన పోలేదు. గుప్పిట పట్టి గిన్నెలో విసిరిందంటే కుదిరి తీరాల్సిందే.

అలాంటి మనిషికి పోయినేడు గుండె నీరసపడింది. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదు. "ఉప్పు బాగా తగ్గించాలమ్మా. గుండె బలహీనపడితే మెదడుకీ రక్తం సరిగా అందదు, మతిమరుపు రావచ్చు," అన్నాడు డాక్టరు. మొదటి మాట విని ఆవిడ కూర రుచి చూడ్డం మానేసింది. రెండో మాట ఆస్పత్రి మెట్లు దిగేలోపే మర్చిపోయింది.

ఇంక చూడండి తమాషా! ఉప్పు వేస్తుంది, అటు తిరిగి ఉల్లిపాయల సంగతి చూస్తుంది, మళ్లీ గిన్నె దగ్గరికొచ్చి "వేశానా?" అని కొయ్యబారిపోతుంది. పోనీ, ఇంకొకర్ని రుచి చూడమనొచ్చుగా? అబ్బే! తన కూరకి ఇంకొకరు పరీక్ష పెట్టడమా? ప్రాణం పోయినా ఒప్పుకోదు. దాంతో ఒకరోజు చప్పిడి కూర, ఇంకోరోజు నోట్లో పెట్టలేని కూర. కార్మికులు పళ్లేలు వాయించారు. "ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే గరిటె ఇచ్చేసి తొక్కలు తీసే పనికి పో," అని సూపర్‌వైజరు తెగేసి చెప్పాడు.

గరిటె పోతే వెళ్లేది తోడికోడలి చేతికి. అదీ ఆవిడ దిగులు. ఆ తోడికోడలే చిన్నగరిటె, ముక్కుమీద కోపం. పక్క పొయ్యి దగ్గర పదిహేనేళ్లుగా ఇందుకే కాచుక్కూర్చుందని పెద్దగరిటె అనుమానం.

అందుకని ఎవరికీ చెప్పకుండా ఒక ఉపాయం పన్నింది. ఉప్పు వెయ్యగానే గుర్తుగా గిన్నెమీద మూత తిరగేసి పెట్టడం. మొదటిరోజు బ్రహ్మాండంగా జరిగింది. రెండోరోజు చిన్నగరిటె అటుగా వెళ్తూ, "ఈవిడకి మూత పెట్టడం కూడా రావట్లేదు," అని గొణుక్కుని సరిచేసి పోయింది. పెద్దగరిటె వచ్చి మూత చూసి, ఇంకో గుప్పెడు వేసి, మూత తిరగేసింది. చిన్నగరిటె మళ్లీ సరిచేసింది. మూడో గుప్పెడుతో వచ్చేసరికి ఇద్దరూ గిన్నె దగ్గరే ఎదురుపడ్డారు.

"ఇందాకే వేశావు కదక్కా, నా కళ్లతో చూశాను!"

"నోర్ముయ్! వేస్తే మూత తిరగేసి ఉండేది!"

అనేసి నాలిక్కరుచుకుంది. చిన్నగరిటెకి అంతా అర్థమైపోయింది. ఇప్పుడొక్క కేకేసి సూపర్‌వైజర్ని పిలిస్తే చాలు, గరిటె తనదే.

పెద్దగరిటె స్టూలు మీద కూలబడింది. "ఎంత వెయ్యాలో చేతికి తెలుసే. వేశానో లేదో బుర్రకే తెలియట్లేదు. భయమేస్తోందే," అని ఏడ్చేసింది.

చిన్నగరిటె తిట్లు లంకించుకుంది. తిడుతూనే ఉడికిన బంగాళాదుంపలు బుట్టెడు తెచ్చి గిన్నెలో గుమ్మరించింది, నీళ్లు పోసింది, రుచి చూసి కూర దారిలో పెట్టింది. తిడుతూనే గరిటె తీసి ఆవిడ చేతిలోనే పెట్టింది.

"వెయ్యడం నీ పని, గుర్తుపెట్టుకోవడం నా పని. ఇంక మూతలతో వేషాలెయ్యకు."

మర్నాడు ఉప్పు పడింది. అయిదు నిమిషాలకి, "ఒసేయ్, వేశానా?" ఉల్లిపాయలయ్యాక మళ్లీ అదే ప్రశ్న. గిన్నె దించేలోపు పదకొండుసార్లు అడిగింది. ఒకే మాట రెండోసారి అడిగితే మొగుడిమీదే గరిటె విసిరే చిన్నగరిటె, పదకొండోసారి కూడా అప్పుడే మొదటిసారి విన్నట్టు, "వేశావక్కా, సరిగ్గా వేశావు," అంది.