కెప్టెనమ్మ బతికిన నవలలు

కలకత్తా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మా మావయ్య ఇంగ్లీషు నవలలు చదువుతాడంటే ఎవరూ నమ్మేవారు కాదు. ఏళ్ల తరబడి టీవీలో సాగిన ఒక అంతరిక్షం సీరియల్ ఆధారంగా రాసిన నవలలవి. సీరియల్‌ని మాత్రం ఆయన ఎప్పుడూ చూడలేదు. కాలేజ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతులు ఏరి తెచ్చుకుని, వాక్యం కింద వేలు జరుపుతూ చదివి, మంచాన పడిన అత్తకి తెలుగులో చెప్పేవాడు. నోరు తిరగని పేర్లుంటే తనే వేరే పేర్లు పెట్టేసేవాడు.

అత్తకి ఆ కథల్లో నౌక నడిపే కెప్టెనమ్మంటే ప్రాణం. ఆవిడకీ అత్తలాగే నయంకాని జబ్బు.

"ఇయ్యాల ఎలాగుందేటి ఆవిడికి?" అని అత్త రోజూ అడిగేది.

"లేచి కూకుంది," అనేవాడు మావయ్య.

నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. సీరియల్ మొత్తం ఫోన్‌లో చూసేశాను. ఒక ఆదివారం వాళ్లింట్లో, మావయ్య అత్తకి నవల చదివి చెబుతుంటే మధ్యలో గొప్పగా చెప్పాను.

"అసలు సీరియల్‌లో ఆవిడ చచ్చిపోయింది మావయ్యా. తర్వాతి నవలల్లో బతికించారు గానీ, అవి అసలు కథ లెక్కలోకి రావు."

మావయ్య వేలు పేజీ మీదే ఆగిపోయింది. అత్త గోడవైపు తిరిగి, "ఇంక సదవొద్దులెండి," అంది.

ఆయన మళ్లీ చదవలేదు. రెండు నెలలకి అత్త పోయింది. పెద్దకర్మ నాడు క్షమించమని అడగబోతే, మావయ్య నా వైపు చూడకుండానే అన్నాడు.

"నువ్వు సెప్పింది నిజమేనే. కానీ ఆ నిజంతో మాకేటి పని?"

ఆ ఇంటికి మళ్లీ వెళ్లే మొహం నాకు లేకపోయింది.